బండల ఇంట్లో తివాచీ యంత్రం

అమ్మడానికొచ్చిన కుర్రాడు పరుపు మీది దుప్పటి తీయిస్తాడు. గొట్టం మూతికి నల్లగుడ్డ బిగించి, ఒకేచోట నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, గుడ్డ విప్పి మన ముఖం ముందు పెడతాడు. దాని మీద బూడిదరంగు పొడి గుండ్రంగా అచ్చుపడి ఉంటుంది. ‘‘పిల్లలు పడుకునేది దీని మీదేనా మేడమ్?’’ అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంటాడు. ఇక బేరం అయిపోయినట్టే.

1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ మన దేశంలో వాక్యూమ్ క్లీనర్‌ను ఇంటి గుమ్మం దాకా మోసుకొచ్చింది. మెడలో టై కట్టుకున్న కుర్రాళ్లు బరువైన పెట్టె పట్టుకుని కాలనీల్లో తలుపులు తట్టడం ఆ తరానికి బాగా గుర్తు. ఇప్పుడు ఆ నల్లగుడ్డ ప్రదర్శన ఫోన్‌లోకి వచ్చేసింది. సోఫా మీద చల్లిన ఓట్స్ గింజల్ని సన్నటి కర్రలాంటి యంత్రం గుటుక్కున మింగే వీడియో చూస్తూనే వేలు ‘కొనండి’ మీదికి పోతుంది. గుమ్మం ముందు కొన్నా ఫోన్‌లో కొన్నా, ఏ కంపెనీది కొన్నా, చాలా ఇళ్లలో తర్వాతి కథ ఒకటే: మొదటి నెల మురిపెం, ఆపైన పండక్కోసారి, ఆ తర్వాత అటక.

అలా అటకెక్కిన వాటిలో చెడిపోయినవి తక్కువ, ఇంటికి సరిపడనివి ఎక్కువ అని నా అనుమానం. ఎందుకంటే మనం యంత్రాన్ని చూసి కొంటాం. చూడాల్సింది ముందు మన ఇంటిని.

లండన్ తివాచీ, తాండూరు బండ

ఈ యంత్రం పుట్టిందే తివాచీ కోసం. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు, గాలి ఊది దుమ్ము లేపే ఒక పరికరం ప్రదర్శన చూశాడు. ఊదితే దుమ్ము లేచి మళ్లీ అక్కడే పడుతుంది, పీల్చేస్తే పోలేదా అని ఆయనకు తట్టింది. రెస్టారెంట్‌లో కుర్చీ మీద రుమాలు పరిచి, నోటితో పీల్చి, రుమాలు అవతలివైపు అంటిన మురికి చూసుకున్నాడని చెబుతారు. ఆయన తయారుచేసిన యంత్రం ఇంట్లో పట్టేది కాదు. గుర్రబ్బండి మీద వీధిలో నిలబడేది, పొడవాటి గొట్టాలు కిటికీల్లోంచి లోపలికి వెళ్లేవి. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబేలోని తివాచీలను దాంతోనే శుభ్రం చేశారు.

దాన్ని చేతిలోకి తెచ్చినవాడు ఒక స్వీపరు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ ఊళ్లో ఒక పెద్ద దుకాణం ఊడ్చే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్‌కు ఉబ్బసం. తివాచీలు ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ముకు ఆయాసం. 1907లో ఒక ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి తనకో యంత్రం కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. తోలు వస్తువులు చేసే విలియం హూవర్ ఆ హక్కులు కొన్నాడు. బ్రిటన్‌లో ఇప్పటికీ వాక్యూమ్‌తో ఇల్లు శుభ్రం చేయడాన్ని ‘హూవర్ చేయడం’ అంటారంటే ఆ వ్యాపారం ఎంత దూరం వెళ్లిందో అర్థమవుతుంది.

ఇద్దరి శత్రువూ తివాచీయే. చలిదేశంలో గోడ నుంచి గోడకు పరిచి, మేకులు కొట్టి, ఉతకడానికి వీల్లేని ఊలు నేల. దాన్ని చీపురుతో ఊడిస్తే సగం దుమ్ము పీచులోకి దిగుతుంది, సగం ముక్కులోకి పోతుంది. మరి మన నేల? తాండూరు, షాబాద్ బండలు, బేతంచెర్ల నాపరాయి, ఇప్పుడైతే గ్రానైటు, విట్రిఫైడ్ టైల్సు. అన్నీ నున్నటివి, నీళ్లు పోసి కడగదగినవి. వీటి మీద కొండ చీపురు చేసే పనిని వేల రూపాయల యంత్రం కన్నా తక్కువ అంచనా వేయకండి. పాడేరు, అరకు ఏజెన్సీలో గిరిజనులు కోసి కట్టే ఆ చీపుళ్ల మెత్తటి కుచ్చు టైల్స్ సందుల్లో దుమ్మును కూడా పట్టేస్తుంది. వెనకే తడిగుడ్డ పడితే సన్నదుమ్ము కూడా పోతుంది. చీపురు పట్టే చేతికి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. ‘‘అమ్మా, అది చప్పుడు మస్తు చేస్తది, వైరు కాళ్లకు అడ్డం పడ్తది. నాకు పొరకే నయం’’ అని పనమ్మాయి అంటే బద్ధకం అనుకోవద్దు. నేల విషయంలో ఆమె చెప్పిందే సరైన మాట.

అయితే చీపురు అందుకోలేని చోట్లు ఇల్లంతా ఉన్నాయి. సోఫా సందులు, పరుపు కుట్లు, దోమల మెష్, కర్టెన్ల మడతలు, పుస్తకాల అర, ఏసీ ఫిల్టరు, కంప్యూటరు వెనకాల, బీరువా పైన, కారు సీట్ల మధ్య. ఫ్యాను రెక్కల మీద జిడ్డుతో కలిసి పేరుకున్న మట్టిని గుడ్డతో తుడిస్తే మంచం నిండా రాలుతుంది. మెత్తటి బ్రష్షు తొడిగిన గొట్టంతో అయితే రాలకముందే పోతుంది. సంక్రాంతికి ముందు బూజులు దులిపి రోజంతా తుమ్ముకునే ఇళ్లకు ఇది నిజంగా ఊరట. అంటే తెలుగింట్లో వాక్యూమ్ క్లీనర్‌కు అసలు పని మోకాలి ఎత్తు నుంచి పైకి ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం ఎంపిక అయిపోయినట్టే: నేల బ్రష్షు ఎంత వెడల్పో అడగడం మాని, గొట్టం ఎంత పొడవో, చిన్న మూతులు ఎన్ని ఇస్తున్నారో అడుగుతాం.

పొడవాటి సన్న మూతి సందుల కోసం, గుండ్రటి కుచ్చు బ్రష్షు ఫ్యాన్లకూ పుస్తకాలకూ, వెడల్పాటి చదును మూతి సోఫాకూ పరుపుకూ. ఈ మూడూ తప్పనిసరి. మిగతావి ఉంటే ఉన్నాయి. (గ్రాహం గ్రీన్ 1958లో రాసిన ‘అవర్ మ్యాన్ ఇన్ హవానా’ నవలలో వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకునే కథానాయకుడు ఆ విడిభాగాల బొమ్మలే పెద్దవి చేసి గీసి, రహస్య ఆయుధాలని బ్రిటిష్ గూఢచారి శాఖను నమ్మిస్తాడు. డబ్బాలోంచి తీసిన ఆ మూతులన్నీ నేల మీద పరిచి చూస్తే, వాళ్లు ఎందుకు నమ్మారో తెలుస్తుంది.)

వాట్లు చూసి మోసపోవద్దు

దుకాణంలో మొదట వినిపించే మాట, ‘‘ఇది 1,600 వాట్లు సార్, పవర్‌ఫుల్’’. వాట్లు చెప్పేది యంత్రం ఎంత కరెంటు తింటుందో. ఎంత దుమ్ము లాగుతుందో కాదు. ఐరోపా సమాఖ్య ఇళ్లలో వాడే మామూలు వాక్యూమ్ క్లీనర్లకు 2014 సెప్టెంబరు నుంచి 1,600 వాట్లు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు దాటకూడదని పరిమితి పెట్టింది. మొదట్లో జనం పాత పెద్ద యంత్రాల కోసం దుకాణాలకు పరుగెత్తారు. ఆ తర్వాత కంపెనీలు ఫ్యానునూ గాలి దారినీ మూతినీ మెరుగుపరిచి 900 లోపే పని కానిచ్చాయి. అక్కడి తివాచీలకు 900 సరిపోతే, మన సోఫాకు 1,600 ఎందుకు?

లోపల జరిగేది తెలిస్తే ఈ అంకెల గొడవ తేలిగ్గా తీరుతుంది. మోటారు తిప్పే ఫ్యాను డబ్బాలోని గాలిని వెనక్కి తోసేస్తుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది. ఆ ఖాళీలోకి బయటి గాలి దూసుకొస్తూ దుమ్మును మోసుకొస్తుంది. మామూలుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు 101 కిలోపాస్కల్స్. మంచి ఇంటి యంత్రం దానిలో 20 దాకా తగ్గించగలదు. అంటే పేరులో ఉన్నంత శూన్యమేమీ లోపల ఉండదు. ఈ లెక్క రోబో వాక్యూమ్‌లు కొనేటప్పుడు పనికొస్తుంది. ప్రకటనలో ‘5,000 పాస్కల్స్’ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. వెయ్యితో భాగించండి, 5 కిలోపాస్కల్స్. అదే దుకాణంలో పక్కనున్న మామూలు డబ్బా యంత్రం మీద ‘20 కిలోపాస్కల్స్’ అని చిన్న అక్షరాలతో ఉంటుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ ఒత్తిడిని గొట్టం మూతి మూసేసి కొలుస్తారు. అప్పుడు గాలి కదలదు, గాలి కదలకపోతే దుమ్మూ రాదు. నిజంగా పని చేసేది ఒత్తిడీ గాలి ప్రవాహమూ కలిసి. ఆ రెండూ కలిపి చెప్పే కొలతను ఎయిర్ వాట్లు అంటారు. డబ్బా మీద అది ఉంటే దాన్నే చూడండి. పనిలో ఉండగా మోటారు చప్పుడు ఒక్కసారిగా సన్నబడి కీచుమంటే యంత్రం హుషారుగా ఉందనుకోవద్దు. గొట్టంలో ఏదో అడ్డుపడి గాలి ఆగిందని అర్థం. తోయడానికి గాలి లేక ఫ్యాను తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది. మోటారును చల్లబరిచే గాలీ అదే కాబట్టి వెంటనే ఆపకపోతే కాలిపోతుంది.

స్టిక్కర్ల మీదా గుడ్డి నమ్మకం వద్దు. ఐరోపాలో ఈ యంత్రాలకు అంటించిన ఇంధన సామర్థ్య లేబుళ్లను, పరీక్షలు ఖాళీ డబ్బాతో చేస్తున్నారన్న డైసన్ కంపెనీ వాదన విని, అక్కడి న్యాయస్థానం 2018 నవంబరులో కొట్టేసింది. సంచి నిండేకొద్దీ చాలా యంత్రాల లాగుడు తగ్గుతుంది. ఇంట్లో మనం వాడేది నిండుతున్న డబ్బానే.

వాట్లతో మనకు నిజంగా పనిబడేది ప్లగ్గు దగ్గర. 230 వోల్టుల కరెంటులో 6 ఆంపియర్ల మామూలు ప్లగ్గు మోయగలిగేది 1,380 వాట్లు. అది దాటితే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి. అది మన ఇళ్లలో ఏసీకీ గీజరుకూ వంటింట్లోనూ తప్ప ఉండదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి హాల్లోకి లాగుతాం, వైరు వేడెక్కుతుంది. 1,000 నుంచి 1,200 వాట్ల యంత్రమైతే ఈ బాధ లేదు. కరెంటు ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు: 1,200 వాట్లది వారానికి రెండుసార్లు అరగంట చొప్పున వాడినా నెలకు 5 యూనిట్లు.

వెనక నుంచి వచ్చే గాలి

ఇంట్లో ఆస్తమా, తుమ్ముల ఎలర్జీ ఉన్నవాళ్లుంటే ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. ముందు నుంచి లాగిన గాలి వెనక నుంచి బయటికి రావాల్సిందే. ఫిల్టరు నాసిరకమైతే కంటికి కనపడే చెత్త డబ్బాలో ఉండిపోయి, కనపడని సన్నదుమ్ము గదంతా పరుచుకుంటుంది. ఊపిరితిత్తుల్లోకి దిగేది ఆ కనపడనిదే.

ఇక్కడే హెపా ఫిల్టరు మాట వస్తుంది. అమెరికా ప్రమాణం ప్రకారం 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపితేనే ఆ పేరుకు అర్హత. మన తల వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. 0.3నే ఎందుకు ఎంచుకున్నారంటే, అంతకన్నా పెద్దవి పీచులకు తగిలి ఆగుతాయి, మరీ చిన్నవి గాలిలో తడబడుతూ పోయి అంటుకుంటాయి. మధ్యలో ఈ సైజువే తప్పించుకోవడంలో ఘనులు. ఐరోపా లెక్కలో హెచ్13 గుర్తు ఉంటే 99.95 శాతం. ‘హెపా టైప్’, ‘హెపా లాంటిది’ అని రాసి ఉంటే అది హెపా కాదు, అంతే. నిజమైన హెపా ఉన్నా, దాని చుట్టూ రబ్బరు బిగింపు సరిగా లేకపోతే గాలి పక్క సందుల్లోంచి జారుకుంటుంది. దుకాణంలో ఆన్ చేయించి మూత అంచుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గాలి తగిలితే ఆ ఫిల్టరుకు ఇచ్చే డబ్బు దండగ.

సంచి ఉన్నదా, లేనిదా? సంచి లేని రకానికి ఇంత గిరాకీ తెచ్చింది జేమ్స్ డైసన్. గాలిని సుడి తిప్పి దుమ్మును విడదీసే యంత్రం కోసం 5,127 నమూనాలు చేశానని ఆయన చెప్పుకుంటాడు. సంచి కొనే ఖర్చు లేదు, దుమ్ము కళ్లకు కనపడుతుంది, తృప్తి. కానీ ఆ డబ్బా చెత్తబుట్టలో బోర్లించే క్షణంలో లేచే పొగమబ్బు ఉబ్బసం మనిషికి విషం. అలాంటివాళ్లు మూతి మూసి పారేసే సంచి ఉన్న రకమే తీసుకోవాలి. కాకపోతే ఆ సంచులు మన ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి. దొరక్క, వాడేసిన కాగితం సంచినే దులిపి మళ్లీ పెట్టే ఇళ్లు నేను చూశాను. సంచి లేనిదే కొనక తప్పకపోతే, డబ్బా ఖాళీ చేసే పని ఎలర్జీ లేనివాళ్లకు అప్పగించండి, అదీ ఆరుబయట.

పరుపులో పురుగుల పేరు చెప్పి భయపెట్టేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. డస్ట్ మైట్స్ కంటికి ఆనవు, అవి లేని పరుపూ ఉండదు. వాక్యూమ్ పైపైన ఉన్న దుమ్మును, వాటి విసర్జనను తగ్గిస్తుంది. లోపల పీచును పట్టుకున్న వాటిని పీకలేదు. దుప్పట్లు, గలీబులు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే చస్తాయి. ఇంట్లో వాషింగ్ మెషీన్‌కు ఆ మీట ఉంటే దీనికోసం కొత్తగా ఏదీ కొనక్కర్లేదు.

ఏ రకం, ఎవరికి

చక్రాల డబ్బా, పొడవాటి గొట్టం ఉన్న క్యానిస్టర్ రకం చూడ్డానికి పాతకాలంది. మన ఇళ్లకు అన్నిటికన్నా నప్పేది మాత్రం అదే. బరువు నేల మీద ఉంటుంది, చేతిలో గొట్టమే. ఫ్యాను దాకా అందుతుంది. ఐదారు వేల నుంచి దొరుకుతుంది.

దీనికి అన్నలాంటిది తడి పొడి రెండూ లాగే డ్రమ్ము. వాషింగ్ మెషీన్ పైపు ఊడి హాలు నిండా నీళ్లొస్తే, వానకు బాల్కనీ నిండితే దాని విలువ తెలుస్తుంది. గాలి వెనక్కి ఊదే బ్లోయర్ కూడా ఉంటుంది. స్వతంత్ర ఇల్లు, పెరడు, కారు ఉన్నవాళ్లకు మంచిది. చిన్న ఫ్లాటులో పెట్టుకోవడానికి చోటే సమస్య. నీళ్లు లాగేముందు లోపలి కాగితం సంచి, పొడి ఫిల్టరు తీసేయాలన్న మాట చాలామంది చదవరు.

వైరు లేని స్టిక్ రకానికి ఇప్పుడు మోజు ఎక్కువ. నిజమే, గోడకు తగిలించి కావలసినప్పుడు తీసుకోవచ్చు, వంటింట్లో రవ్వ ఒలికితే క్షణంలో పని అయిపోతుంది. కానీ ‘60 నిమిషాలు’ అన్న అంకె అతి తక్కువ వేగానిది. పూర్తి జోరులో పెడితే చాలావాటికి పది నిమిషాలు కూడా రాదు. మోటారు, బ్యాటరీ, డబ్బా అన్నీ చేతిలోనే ఉంటాయి, రెండున్నర మూడు కిలోలు. పై ఎత్తున ఫ్యాను తుడిచేటప్పుడు మణికట్టు ఆ బరువు లెక్క చెబుతుంది. లిథియం బ్యాటరీకి వేడి పడదు, మే నెలలో ఎండ తగిలే బాల్కనీలో ఛార్జింగుకు పెట్టొద్దు. కొత్త బ్యాటరీ ధర ఎంతో యంత్రం కొనేరోజే అడగండి. జవాబు విని కొందరు మనసు మార్చుకుంటారు. తిరిగే బ్రష్షుకు జడ వెంట్రుకలు చుట్టుకుంటాయి, వారానికోసారి కత్తెరతో కోసి తీయాల్సిందే.

ఇక రోబో. 2001లో ఎలక్ట్రోలక్స్ ట్రైలోబైట్, 2002లో రూంబాతో మొదలైన ఈ వరస ఇప్పుడు లేజరుతో ఇంటి పటం గీసుకుని, తడిగుడ్డ కూడా వేసే దాకా వచ్చింది. సాధారణంగా రెండు సెంటీమీటర్ల ఎత్తు దాటితే ఎక్కలేదు. మన గడప సంగతి దాన్ని తయారుచేసినవాళ్లకు తెలియదు. గదిగదికీ గడప ఉన్న పాత ఇంట్లో దాన్ని చంటిపిల్లాడిలా ఎత్తుకుని తిప్పాలి. చాపలు, ఛార్జరు వైర్లు, వేలాడే దుప్పటి అంచులు దానికి ఉరితాళ్లు. ముగ్గు పిండి చల్లిన చోట తడిగుడ్డ రోబో తిరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. నేల అంతా ఒకే మట్టంగా ఉన్న కొత్త ఫ్లాటు, ఇద్దరూ ఆఫీసుకు వెళ్లే సంసారం, రోజూ ఊడ్చే మనిషి దొరకని కాలనీ అయితే కొనండి, సుఖపడతారు. అయినా సోఫానూ ఫ్యానునూ అది ముట్టుకోదు. అందుకే దాన్ని రెండో యంత్రంగానే లెక్కపెట్టాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు ‘‘నాన్నా, ఇక్కడ సేల్‌లో చవక, వచ్చేటప్పుడు తెస్తాను’’ అంటారు. అక్కడి వాళ్ల అపార్టుమెంట్లలో తివాచీ నేల కాబట్టి అక్కడ అది సరైన యంత్రమే. కానీ వైరుతో నడిచే అమెరికా యంత్రం 120 వోల్టులది. మన ప్లగ్గులో పెడితే మొదటి నిమిషంలోనే పొగ. ఛార్జింగువైతే అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే పనిచేస్తుంది. విడి లిథియం బ్యాటరీని చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే తేవాలి. ఇక్కడ పాడైతే బాగుచేసేవాడు దొరకడం మాత్రం కష్టం.

ఏది కొన్నా కొన్ని దానికి పెట్టకూడదు. నిప్పు ఆరని అగరుబత్తి బూడిద సంచిని కాల్చేస్తుంది. పగిలిన సీఎఫ్‌ఎల్ బల్బు, థర్మామీటరు ముక్కల మీద వాడితే పాదరసం ఆవిరి ఇల్లంతా చిమ్ముతుంది. గృహప్రవేశానికి ముందు మిగిలిన పుట్టీ పొడి, సిమెంటు ఇంటి యంత్రం ఫిల్టరును ఒక్కపూటలో పూడ్చేస్తాయి. తడి లాగే రకం కాని దానితో నీళ్లు లాగితే షాకు కొట్టే ప్రమాదం ఉంది.

దుకాణానికి వెళ్లేటప్పుడు, రోజూ దాన్ని పట్టుకోబోయేది ఎవరో వాళ్లను తీసుకెళ్లండి. ‘‘అత్తయ్యా, మీరు ఒకసారి ఎత్తి చూడండి’’ అని కోడలు అడిగితే అక్కడే సగం తేలిపోతుంది: బరువుగా ఉందా, చప్పుడు భరించగలమా, డబ్బా మూత తీయడం వస్తుందా. ఐరోపా నిబంధనల్లో మోటారు కనీసం 500 గంటలు పనిచేయాలని ఉంది. వారానికి గంట వాడే ఇంట్లో అది తొమ్మిదేళ్ల పైమాట. మీరు కొనే కంపెనీ అన్నేళ్లపాటు ఫిల్టరు, గొట్టం, మోటారు కార్బన్ బ్రష్షులు మీ ఊళ్లో ఇవ్వగలదా అని అడగండి. కరీంనగర్‌లోనో కాకినాడలోనో సర్వీసు సెంటరు లేకుండా ‘హైదరాబాద్ పంపాలి’ అంటే వేరే పేరు చూడండి.

నా తీర్పు ఇది: మొదటిసారి కొంటున్న మామూలు తెలుగింటికి 1,200 వాట్లకు మించని, నిజమైన హెపా, పొడవాటి గొట్టం ఉన్న క్యానిస్టర్ చాలు. నేలకు మీ చీపురు ఉండనే ఉంది. బిల్లు, వారంటీ కార్డు దాచుకోండి. సర్వీసుకు పిలిచినా పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.